40 వేల లోపు పోలరైజింగ్ మైక్రోస్కోపు: బట్టల పోగుల పరీక్షకు ఎంతవరకు పనికొస్తుంది?

మా డిగ్రీ కళాశాల ఫోరెన్సిక్ సైన్స్ విభాగం కిందటి విద్యా సంవత్సరం మొదట్లో ఒక పోలరైజింగ్ మైక్రోస్కోపు కొన్నది. హర్యానాలోని అంబాలాలో తయారైన యంత్రం. పన్ను, రవాణా కలుపుకొని కూడా 40 వేల రూపాయలు దాటలేదు. ఇదే నమూనా నాలుగైదు వేర్వేరు పేర్లతో అమ్ముడవుతోంది. మీ ఊరి విక్రేత దగ్గర దానికి ఇంకో పేరు ఉండవచ్చు. అందువల్ల పేరు పక్కన పెట్టి, యంత్రం ఎలా ఉంది, నేరస్థలంలో దొరికే బట్టల పోగుల గురించి దానితో ఏం తెలుసుకోగలం అన్నవే రాస్తాను. రాళ్ల పలకలు చూసే భూగర్భశాస్త్ర విద్యార్థులకు ఈ సమీక్ష అంతగా ఉపయోగపడదు.

నేను ప్రభుత్వ ఫోరెన్సిక్ ప్రయోగశాలలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. పుట్టి పెరిగింది చీరాల పక్కన, మగ్గాల మధ్య. పడుగు, పేక, గంజి అనే మాటలు బడికి వెళ్లకముందే తెలుసు. బట్టను వేళ్లతో నలిపి ఇది ఎన్నో నంబరు నూలో చెప్పగల పెద్దవాళ్లు మా ఇంట్లో ఉండేవారు. అయితే ఆ వేళ్లకు గుప్పెడు గుడ్డ కావాలి. మా వృత్తిలో చేతికి వచ్చేది ఒకే ఒక్క పోగు. పొడవు 2 మిల్లీమీటర్లు, మందం 20 మైక్రాన్లు, దాన్ని ఎత్తడానికి అంటించిన టేపు ముక్కకు అతుక్కుని ఉంటుంది. దాన్ని కాల్చకూడదు, కరిగించకూడదు, పోగొట్టకూడదు.

పట్టు దుకాణంలో చేసే పరీక్ష అందరికీ తెలిసిందే. కొంగు అంచు నుంచి దారం లాగి నిప్పు అంటిస్తారు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలితే పట్టు, కరిగి గట్టి పూసలా ముద్ద కడితే పాలిస్టర్. చీర కొనేవారికి అది చాలు. సాక్ష్యంగా దొరికిన పోగును కాలిస్తే కోర్టుకు ఏం చూపిస్తాం? ఎదుటి పక్షం కోరితే మళ్లీ పరీక్షించడానికి ఏం మిగులుతుంది? పోగుకు ఏ హానీ చేయకుండా దాని జాతిని చెప్పించే తొలి సాధనం పోలరైజింగ్ మైక్రోస్కోపు. మామూలు జీవశాస్త్ర మైక్రోస్కోపులో పాలిస్టర్, నైలాన్, పాలీప్రొపిలీన్ మూడూ నున్నని గాజు కడ్డీల్లానే కనిపిస్తాయి. ధ్రువణ కాంతిలో, అంటే ఒకే తలంలో కంపించేలా వడగట్టిన కాంతిలో, పెడితే ఆ మూడింటి రంగులు విడిపోతాయి. కళాశాలలు ఈ యంత్రం కొనాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

పెట్టెలో వచ్చినవి: ఒకే కన్నుతో చూసే గొట్టం, వస్తువు వైపు ఉండే 4, 10, 40 రెట్ల ఆబ్జెక్టివ్‌లు, కంటి వైపు ఉండే, అడ్డుగీతలున్న 10 రెట్ల ఐపీస్, స్లైడు పెట్టడానికి డిగ్రీల గీతలతో గుండ్రంగా తిరిగే స్టేజి, దాని కింద కాంతిని వడగట్టే పోలరైజర్, పైన అలాంటిదే జరిపి తీయగలిగే ఎనలైజర్, ఎల్‌ఈడీ దీపం, ఒక నీలం ఫిల్టరు, మైకా పలక, జిప్సం పలక, క్వార్ట్జ్ వెడ్జ్ (ఈ చివరి మూడూ పోగు రంగులో మార్పు చూడటానికి కాంతి దారిలో దూర్చే స్ఫటికపు ముక్కలు). చెక్క పెట్టె గట్టిగా ఉంది. సూచనల కాగితం మాత్రం రెండు పుటలే, అదీ అచ్చు మసకగా ఉంది. కొత్తగా నేర్చుకునేవారికి ఆ కాగితంతో ఏమీ తెలియదు. నీలం ఫిల్టరు పాత ఫిలమెంటు బల్బుల కాలం నుంచి అలవాటుగా పెడుతున్నట్టున్నారు. ఎల్‌ఈడీ వెలుగు ముందే నీలం వైపు మొగ్గుతుంది కనుక దాన్ని తీసి పక్కన పెట్టండి, లేకపోతే రంగులన్నీ తప్పుదారి పట్టిస్తాయి.

యంత్రం రాగానే చేయవలసిన మొదటి పరీక్ష ఇది. స్టేజి మీద ఏమీ పెట్టకుండా, ఎనలైజర్‌ను లోపలికి జరిపి, పోలరైజర్‌ను తిప్పుతూ పోవాలి. ఒక చోట కనుచూపు మేర పూర్తిగా నల్లబడాలి. మాకు వచ్చిన యంత్రంలో మొదట అలా నల్లబడలేదు, బొగ్గు రంగు దగ్గరే ఆగిపోయింది. ఎనలైజర్ తన చట్రంలో కొద్దిగా పక్కకు తిరిగి ఉంది. విక్రేతకు ఫోను చేస్తే ముందు మా గదిలో వెలుతురు ఎక్కువైందన్నారు, ఆ తర్వాత దీపం మార్చమన్నారు. చీకటి గదిలో తీసిన ఫొటో పంపించాకే సాంకేతిక నిపుణుణ్ని పంపారు. వచ్చిన అబ్బాయి పని తెలిసినవాడు. చిన్న స్క్రూ వదులు చేసి, సరైన కోణంలో బిగించి, ఎందుకలా అయిందో విద్యార్థులకు కూడా చూపించి వెళ్లాడు. ఈ పరీక్ష చేయకుండా రసీదు మీద సంతకం పెట్టవద్దు. చీకటి పూర్తిగా రాని యంత్రంలో మసక వెలుగునిచ్చే పోగులు అసలు కనబడవు.

ఆ సర్దుబాటు తర్వాత 4, 10 రెట్లలో చీకటి శుభ్రంగా వస్తోంది. 40 రెట్లలో అంచుల దగ్గర కొంచెం బూడిద రంగు మిగులుతోంది. కటకంలోని గాజు బిగువుగా కూర్చున్నప్పుడు వచ్చే లోపం అది. ఈ ధరలో దాన్ని ఒప్పుకోక తప్పదు. యాక్రిలిక్ వంటి పోగును మాత్రం 10 రెట్లలోనే చూడమని విద్యార్థులకు చెబుతాను.

స్టేజి గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పోగుల పనిలో సగం దాని మీదే ఆధారపడి ఉంటుంది. పోగును తిప్పుతున్నప్పుడు అది అడ్డుగీతల మధ్యే తిరగాలి. ఆబ్జెక్టివ్ ఇరుసుకు సూటిగా లేకపోతే, 40 రెట్లలో స్టేజిని కాస్త తిప్పగానే పోగు కనుచూపు దాటి పోతుంది. సరిచేయడానికి చిన్న తాళంచెవుల్లాంటి రెండు మరలు ఇచ్చారు. పదినిమిషాల్లో కుదురుతుంది కానీ, ఆబ్జెక్టివ్ మార్చినప్పుడల్లా మళ్లీ కొద్దిగా తప్పుతుంది. స్టేజి తిరగడం మెత్తగా ఉంది, డిగ్రీల గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఖరీదైన యంత్రాల్లో 45 డిగ్రీల దగ్గర టక్కుమని ఆగే ఏర్పాటు ఉంటుంది, ఇందులో లేదు. గీత చూసుకుని ఆపుకోవాలి. స్లైడును పట్టి ఉంచే క్లిప్పులు మరీ బిగువుగా ఉండి కవర్‌స్లిప్ అంచును నొక్కుతున్నాయి. మేం వాటిని కొద్దిగా పైకి వంచుకున్నాం.

ఇక అసలు విషయానికి వస్తాను. పొందూరు ఖద్దరు నుంచి తీసిన పోగుతో మొదలుపెట్టించాను. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికిన నూలు అది. 10 రెట్లలోనే పత్తి పోగు మెలికలు తిరిగిన రిబ్బనులా స్పష్టంగా కనిపించింది. ధ్రువణ కాంతిలో స్టేజిని చుట్టూ తిప్పినా పత్తి ఎక్కడా పూర్తిగా నల్లబడి ఆరిపోదు. లోపలి సన్నని పీచులు మెలికపడి, మధ్యమధ్య దిశ మార్చుకుంటూ ఉండటమే కారణం. మిల్లులో కాస్టిక్ సోడాతో మెర్సరైజ్ చేసిన పత్తిని పక్కన పెడితే మెలికలు తగ్గిపోయి, పోగు ఉబ్బి గుండ్రంగా మారి ఉంటుంది. ఈ తేడాను ఈ యంత్రం ఏ అనుమానమూ లేకుండా చూపిస్తుంది. స్కూలు యూనిఫారం గుడ్డ నుంచి ఒక్క దారం విప్పి పెడితే అదే దారంలో మెలికల పత్తి, నున్నని పాలిస్టర్ కలిసి కనబడతాయి. పిల్లలకు అది నచ్చుతుంది, తాము రోజూ వేసుకున్న గుడ్డ లోపల ఇలా ఉంటుందా అని.

కృత్రిమ పోగుల దగ్గర యంత్రం అసలు విలువ తెలుస్తుంది. కాంతి ఈ పోగుల్లో పొడవునా ఒక వేగంతో, అడ్డంగా మరో వేగంతో పోతుంది. ఆ రెండు దిశల్లోని వక్రీభవన గుణకాల (కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకెల) తేడాను ద్వివక్రీభవనం అంటాం. పాలిస్టర్‌కు అది 0.15 పైన ఉంటుంది, నైలాన్‌కు 0.05 నుంచి 0.06, యాక్రిలిక్‌కు దాదాపు సున్నా. ఈ తేడా, మందం పెరిగేకొద్దీ పోగు రంగు బూడిద నుంచి మెట్టు మెట్టుగా మారుతుంది. 20 మైక్రాన్ల మందమున్న పోగులు తీసుకుని 45 డిగ్రీల దగ్గర, అంటే అడ్డుగీతలకు ఏటవాలుగా, నిలబెట్టండి. నైలాన్ పసుపు, ఎరుపు, నీలం గీతలతో నిండు రంగుల్లో మెరుస్తుంది. పాలిస్టర్ ఆ మెట్లన్నీ దాటిపోయి పాలిపోయిన గులాబీ, ఆకుపచ్చ కలిసిన తెలుపులో ఉంటుంది. యాక్రిలిక్ మసక బూడిద రంగులోనే ఉండిపోతుంది. జిప్సం పలక దూర్చితే ఇంకో గుట్టు బయటపడుతుంది. మిగతా పోగులు ఏ దిశలో పెట్టినప్పుడు రంగు మెట్టు ఎక్కుతుందో, ఆ దిశలో యాక్రిలిక్ రంగు మెట్టు దిగి నారింజ పసుపులోకి వెళ్తుంది. అడ్డంగా తిప్పితే నీలమవుతుంది. చౌక స్వెట్టర్ల నుంచి, శాలువల నుంచి రాలే పోగుల్లో యాక్రిలిక్ ఎక్కువ. దాన్ని ఇంత సులువుగా పట్టుకోగలగడం చిన్న విషయం కాదు.

పలక మీద కాంతి దిశను చూపే గుర్తు మా యంత్రంలో అరిగిపోయినట్టుగా ఉంది. తెలిసిన విస్కోస్ పోగు ఒకటి పెట్టి దిశను మేమే నిర్ధారించుకుని, పెయింటుతో చుక్క పెట్టుకున్నాం. మీరు కూడా అచ్చు గుర్తును నమ్మకుండా ఒకసారి సరిచూసుకోండి. విస్కోస్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. వెదురు గుడ్డ అని ఒక విద్యార్థిని తెచ్చిన బనీను దారాన్ని పరీక్షిస్తే, పొడవునా చారలతో అచ్చమైన విస్కోస్ పోగులు కనిపించాయి. వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి తీసిన పోగు విస్కోసే. అది ఏ మొక్క నుంచి వచ్చిందో ఈ మైక్రోస్కోపు చెప్పలేదు.

పట్టు విషయంలో యంత్రం బాగా పనిచేస్తుంది. మల్బరీ పట్టు సన్నగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది. మహదేవపూర్ దసలి పట్టు వెడల్పుగా, పొడవునా చారలతో ఉంటుంది. ఉన్ని మీది పొలుసులు 40 రెట్లలో బాగా కనిపిస్తాయి. తాళ్ల సంగతి చెప్పాలంటే, కొబ్బరి పీచును చూడగానే గుర్తుపట్టవచ్చు. జనపనారను, గోగునారను పక్కపక్కన పెట్టి ఇది ఇదీ, అది అదీ అని తేల్చడం ఈ యంత్రంతో కుదరదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో రెండు నారలూ వాడుకలో ఉన్నాయి కాబట్టి అక్కడి కేసుల్లో ఈ పరిమితి గుర్తుంచుకోవాలి.

పోగును అడ్డంగా కోసి చూడటం మరో ముఖ్యమైన పని. దానికి పెట్టెలో ఏమీ ఇవ్వలేదు. స్లైడంత సన్నని స్టీలు రేకులో మిల్లీమీటరు కన్నా చిన్న రంధ్రాలు వేయించుకుంటే చాలు. వేరే రంగు పోగుల కుచ్చులో మనకు కావలసిన పోగును ఇరికించి, దారపు ఉచ్చుతో రంధ్రంలోకి లాగి, కొత్త బ్లేడుతో రెండు వైపులా సాపుగా కోయాలి. మా ఊరి లేత్ పనివారు తక్కువ ఖర్చుకే రేకు చేసిచ్చారు. కార్పెట్ పోగును ఇలా కోసి చూస్తే మూడు రేకల ఆకారం కనబడుతుంది. మురికి తెలియకుండా, మెరుపు నిలిచేలా కార్పెట్ కంపెనీలు ఆ ఆకారం ఎంచుకుంటాయి.

ఆ మూడు రేకలకు నేర పరిశోధనలో పెద్ద చరిత్ర ఉంది. 1979 నుంచి 1981 వరకు అమెరికాలోని అట్లాంటా నగరంలో నల్లజాతి పిల్లలు, యువకులు వరుసగా హత్యకు గురయ్యారు. అనేక మృతదేహాల మీద ఒకే రకం ఆకుపచ్చ నైలాన్ పోగులు, ఊదా రంగు ఎసిటేట్ పోగులు దొరికాయి. ఆకుపచ్చ పోగును కోసి చూస్తే మూడు రేకల్లో రెండు పొడవుగా, ఒకటి పొట్టిగా ఉంది. జార్జియా రాష్ట్ర ప్రయోగశాలకు చెందిన లారీ పీటర్సన్, ఎఫ్‌బీఐకి చెందిన హెరాల్డ్ డెడ్‌మన్ ఈ పోగుల మీద పనిచేశారు. ఆ వింత ఆకారం వెల్‌మన్ అనే కంపెనీ 1967 నుంచి 1974 వరకు తయారుచేసిన 181బి రకానిదని తేలింది. ఆ పోగుతో వెస్ట్ పాయింట్ పెపరెల్ అనే కంపెనీ లక్సేర్ అనే కార్పెట్ నేసింది. అందులో ఇంగ్లిష్ ఆలివ్ అనే రంగు నిందితుడు వేన్ విలియమ్స్ ఇంట్లో పరిచిన కార్పెట్‌తో సరిపోయింది. అలాంటి కార్పెట్ అట్లాంటాలో ప్రతి 7,792 ఇళ్లకు ఒక ఇంట్లో ఉండవచ్చని లెక్కవేశారు. 1982 ఫిబ్రవరిలో ఇద్దరు వయోజనుల హత్య కేసుల్లో విలియమ్స్‌ను దోషిగా తేల్చారు.

ఈ కేసును తరగతిలో చెప్పేటప్పుడు రెండు విషయాల దగ్గర ఆగుతాను. 1981 ఫిబ్రవరిలో మృతదేహాల మీద పోగులు దొరుకుతున్నాయని పత్రికలో వార్త వచ్చింది. ఆ తర్వాత శవాలు దుస్తులు తీసేసిన స్థితిలో నదుల్లో తేలడం మొదలైంది. దర్యాప్తు జరుగుతుండగా ఆధారాల వివరాలు బయటకు పొక్కితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. రెండోది ఆ 7,792 అంకె. కొన్ని రాష్ట్రాల్లో కార్పెట్ సమానంగా అమ్ముడైందని అనుకుని వేసిన అంచనా అది. నా దృష్టిలో ఆ కేసు బలం ఆ అంకెలో లేదు. ఒకే ఇంటి కార్పెట్, దుప్పటి, కారు, పెంపుడు కుక్క వెంట్రుకలు, ఇలా వేర్వేరు వస్తువుల ఆనవాళ్లు మళ్లీమళ్లీ కలిసి దొరకడంలో ఉంది. పిల్లల హత్యల మీద విడిగా విచారణ జరగలేదు. ఆ కుటుంబాల్లో చాలామందికి ఇప్పటికీ తృప్తి కలగలేదు. 2019లో అట్లాంటా మేయర్ కీషా లాన్స్ బాటమ్స్ ఆధారాలను మళ్లీ పరీక్షించాలని ప్రకటించడం వెనుక ఆ బాధ ఉంది.

ఇదంతా మైక్రోస్కోపు సమీక్షలో ఎందుకంటే, ఈ యంత్రం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో ఆ కేసు వల్ల అర్థమవుతుంది. పోగు నైలాన్ అవునా, ఎంత మందం, అడ్డుకోత ఆకారం ఏమిటి, మెరుపు తగ్గించడానికి కలిపే టైటానియం డయాక్సైడ్ రేణువులు నల్లని చుక్కల్లా ఉన్నాయా లేవా, ఇవన్నీ దీనితో చెప్పవచ్చు. నిందితుడి చొక్కా పాలిస్టర్, మృతుడి మీద దొరికిన పోగు యాక్రిలిక్ అయితే, ఆ పోగు ఆ చొక్కాది కాదు. 40 వేల యంత్రం ఆ మాటను లక్షల యంత్రమంత గట్టిగా చెబుతుంది. ఒక నిర్దోషికి ఆ మాట ఎంత విలువైనదో వేరే చెప్పాలా? రెండూ నీలం పాలిస్టర్ అయినప్పుడు మాత్రం ఇక్కడితో ఆగాలి. రెండు పోగులను ఒకే దృశ్యంలో పక్కపక్కన చూపే కంపారిజన్ మైక్రోస్కోపు కావాలి. కంటికి ఒకేలా కనిపించే రెండు నీలాలు వేర్వేరు రంగుల మిశ్రమాలు కావచ్చు, అది తేల్చడానికి మైక్రో స్పెక్ట్రోఫోటోమీటర్ కావాలి. ఆ రెండూ ఇందులో లేవు, ఉంటాయని ఆశించకూడదు కూడా. అవన్నీ ఉన్న ప్రయోగశాల సైతం ఈ పోగు ఈ చొక్కాదే అని అనదు. ఈ చొక్కా నుంచి గానీ, సరిగ్గా ఇలాంటి ఇంకో చొక్కా నుంచి గానీ వచ్చి ఉండవచ్చని మాత్రమే అంటుంది. కోర్టులో ఈ తేడాను చెరపకుండా చెప్పే నిపుణులు తయారు కావాలని నా కోరిక.

ఏ పోగు దొరికినా ఒకే విలువ ఉండదు. తెల్ల పత్తి ఎక్కడపడితే అక్కడ ఉంటుంది, నీలం జీన్సు పత్తి కూడా అంతే. వాటిని చాలా ప్రయోగశాలలు లెక్కలోకే తీసుకోవు. పానిపట్టులో పాత ఉన్ని బట్టలను చీల్చి, మళ్లీ వడికి నేసే చౌక దుప్పటి సంగతి వేరు. మా విద్యార్థులు దాని నుంచి తీసిన చిన్న కుచ్చులో ఉన్ని, యాక్రిలిక్, నైలాన్, పాలిస్టర్, విస్కోస్ అన్నీ, ఎన్నో రంగుల్లో కనిపించాయి. ఆ కలబోత మరో దుప్పటిలో అచ్చంగా అలాగే ఉండటం కష్టం. మన దగ్గర రైల్వే స్టేషన్లలో, లారీల్లో, గుడిసెల్లో కనిపించే దుప్పటి అదే. పేదవాడి దుప్పటి నేరపరిశోధకుడికి ఇంత సమాచారం ఇవ్వగలదని ఈ యంత్రం ముందు కూర్చున్నాకే విద్యార్థులు గ్రహించారు. ఈ పాఠానికి ఒక్కదానికే అయినా యంత్రం డబ్బులు గిట్టినట్టే అంటాను.

యంత్రం ఎంత మంచిదైనా పోగు దాని దాకా రావాలి. 1975లో ఇంగ్లండులో పౌండ్స్, స్మాల్డన్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, బట్ట మీద పడిన పోగుల్లో దాదాపు 80 శాతం మొదటి నాలుగు గంటల్లోనే రాలిపోయాయి, ఆ బట్ట వేసుకుని తిరిగితే. అంటే నిందితుణ్ని మర్నాడు పట్టుకుని, వారం తర్వాత చొక్కా స్వాధీనం చేసుకుంటే మిగిలేది చాలా తక్కువ. బాధితుల దుస్తులు, నిందితుల దుస్తులు ఒకే బల్ల మీద పరిచినా, ఒకే సంచిలో కట్టినా ఇక ఆ పోగులకు సాక్ష్యపు విలువ ఉండదు. ఇలా కట్టి పంపిన మూటలు మా బల్ల మీదికి వచ్చినప్పుడల్లా నాకు కోపం, బాధ రెండూ కలిగేవి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం, 7 ఏళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు 5 ఏళ్ల గడువు ఇచ్చారు. ఆ నిపుణులు మన కళాశాలల నుంచే రావాలి. పోగును టేపు మీద చూసిన కళ్లకే దాన్ని ఎలా కాపాడాలో తెలుస్తుంది.

అందుకే మైక్రోస్కోపుతో పాటు కొనవలసినవి కూడా చెబుతాను. టేపు మీద పోగులను వెతకడానికి చిన్న స్టీరియో మైక్రోస్కోపు తప్పనిసరి, దాని పని ఈ యంత్రం చేయలేదు. సన్నని మొనల పట్టకారు, పారదర్శకమైన టేపు, ఎసిటేట్ షీట్లు కావాలి. స్లైడు మీద పోగును నిలపడానికి రోజువారీ తరగతికి గ్లిజరిన్ చాలు. భద్రపరచవలసిన స్లైడులకు డీపీఎక్స్ అనే, ఆరి గట్టిపడే జిగురు ద్రవం వాడండి. డీపీఎక్స్ వక్రీభవన గుణకం 1.52 దగ్గర ఉంటుంది, యాక్రిలిక్‌ది దాదాపు అంతే. అందువల్ల రంగులేని యాక్రిలిక్ అందులో మాయమైనంత పనవుతుంది, పాలిస్టర్ మాత్రం గట్టి అంచులతో నిలబడుతుంది. ఇది లోపంగా కాకుండా ఒక పరీక్షగా వాడుకోవచ్చు. మందం కొలవడానికి ఐపీస్ స్కేలు, స్టేజి మైక్రోమీటరు విడిగా కొనాలి. మా స్కేలులో 40 రెట్ల దగ్గర ఒక్కో గీత 2.5 మైక్రాన్లకు వచ్చింది. పోగుల మందానికి అది సరిపోతుంది.

ఒంటి కంటితో చూడటం గంట దాటితే అలసట తెస్తుంది. విద్యార్థులు గుంపుగా చూడటానికి వీల్లేదు. ఫోను కెమెరాను ఐపీస్‌కు బిగించే స్టాండు కొన్నాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. రికార్డుకు ఫొటోలు కూడా దొరుకుతున్నాయి. అయితే ఫోను తనంతట తాను తెలుపును సరిచేయకుండా ఆ సదుపాయం ఆపేయండి, లేకపోతే ఒకే పోగు రెండు ఫొటోల్లో రెండు రంగుల్లో వస్తుంది. ఎల్‌ఈడీ ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదు. సూక్ష్మంగా ఫోకస్ చేసే మర మాత్రం ఎండాకాలంలో కాస్త జారుతోంది, బిగించుకునే రింగు ఉంది కనుక సర్దుకున్నాం.

నా లెక్కలో బోధనకు ఐదుకు నాలుగు. జిల్లా స్థాయి తొలి పరీక్షలకు, అంటే పై ప్రయోగశాలకు ఏది పంపాలో, ఏది అక్కర్లేదో తేల్చుకోవడానికి, మూడున్నర ఇస్తాను. తుది నివేదిక ఇవ్వవలసిన ప్రయోగశాల దీనితో సరిపెట్టుకోకూడదు. ఉన్న డబ్బంతా జీవశాస్త్ర మైక్రోస్కోపులకు పెట్టి, పోగుల పాఠం పుస్తకంలో చదివించి వదిలేసే కళాశాలలకు నా విన్నపం ఒక్కటే. వాటిలో రెండు తగ్గించుకుని ఇది ఒకటి కొనండి.

కొటేషన్ అడిగేటప్పుడు జిప్సం పలక, క్వార్ట్జ్ వెడ్జ్ ధరలో కలిసే ఉన్నాయా అని రాతపూర్వకంగా తీసుకోండి. కొందరు విక్రేతలు వాటిని విడిగా వేస్తారు, అవి లేకుండా యంత్రం సగమే. ఆబ్జెక్టివ్‌లు ధ్రువణ కాంతికి ప్రత్యేకంగా చేసినవా అని అడగండి. చీకటి పరీక్ష మీ ఎదుట చేసి చూపించాలని షరతు పెట్టండి. కోస్తా జిల్లాల వారు వానాకాలంలో ఆబ్జెక్టివ్‌లు విప్పి, సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచండి. తేమకు కటకాల మీద బూజు పడితే, దాన్ని తుడిపించే ఖర్చు కొత్త ఆబ్జెక్టివ్ ధరకు దగ్గరగా వెళ్తుంది.